బెంగ ఒకవైపు, కుళ్ళు ఒకవైపు: కువైట్, అమెరికా పోయినోళ్ళ ఇళ్ళ లెక్కలు

పాత చిత్తూరు జిల్లాలో పరదేశం పోయే దారులు రెండు. పీలేరు, మదనపల్లె వైపు పల్లెల నుంచి ఇంటి డ్రైవరుగానో, ఖద్దామా వీసా మీద ఇంటిపనికో కువైట్ పోయేది ఒకటి. తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంజనీరింగు ముగించి, బ్యాంకు లోను పెట్టి అమెరికాలో ఎమ్మెస్‌కు పోయేది ఇంకొకటి. ఇంటి దగ్గర మిగిలినోళ్ళకు రెండూ ఒకటే. "వాళ్ళకేమబ్బా, ఫారిన్లో ఉండారు" అంటారు. అక్కడున్నోళ్ళ మాట కూడా ఇలాంటిదే. "మీకేం, సొంతూర్లో ఉండారు." ఒకరికి బెంగ, ఒకరికి కడుపుమంట. ఈ రెండూ ఎదుటివాళ్ళ నెల ఖర్చు తెలీక, రోజు ఎట్లా గడుస్తుందో తెలీక ముదురుతాయని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ఓదార్పు తక్కువ, లెక్కలు ఎక్కువ.

ముందు కువైట్ లెక్క. ఇంటి డ్రైవరుకు నెలకు 150 దినార్లు అనుకుందాం. దినారుకు 280 రూపాయలు వేస్తే 42,000. వీధిలో అందరికీ తెలిసేది ఈ అంకె ఒక్కటే. గది కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇస్తాడు. తిండికి 25, ఫోనుకు 5, సబ్బులు, మందులు, క్షవరం అన్నీ కలిపి 10 దినార్లు పోతే 110 మిగులుతాయి, అంటే 30,800 రూపాయలు. పోయేటప్పుడు ఊర్లో నూటికి రెండు రూపాయల వడ్డీతో రెండు లక్షలు తెచ్చి ఉంటే వడ్డీకే నెలకు 4,000. ఇంటి ఖర్చుకు 20,000 పంపితే అసలు కింద కట్టడానికి మిగిలేది 6,800. కట్టినప్పుడల్లా అసలు తగ్గించి వడ్డీ కూడా తగ్గించే మనిషైతే అప్పు 24 నెలల్లో తీరుతుంది. "అసలంతా ఒక్కసారే తే" అనేవాడైతే 30 నెలలు. మొదటి సెలవు సాధారణంగా రెండేళ్ళకు దొరుకుతుంది కాబట్టి, మనిషి ఊరికి దిగేసరికి అప్పు ఇప్పుడే తీరి ఉంటుంది, లేదా ఇంకా మిగిలే ఉంటుంది. మనం మాత్రం ఆ నెలలోనే మిద్దె ఎప్పుడు వేస్తావని అడుగుతాం.

ఆ రెండు లక్షలు ఎందుకైనాయో కూడా తెలియాల. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. మిగతాదంతా "వీసా కొన్నాం" అనే లెక్కలోకి పోతుంది. ఏజెంటు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పదో తరగతి పాసు కానివాళ్ళకు వచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో కువైట్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తీసుకోవాలి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపి, అక్కడికి పోయినాక అకామా (అక్కడ ఉండే అనుమతి) కొట్టిస్తామనేవాడు ఈ మూడింటినీ తప్పించుకుంటున్నాడని అర్థం. అట్లా పోయి ఖల్లివల్లి (సరైన కాగితాలు లేకుండా) అయినవాళ్ళకు ఊరి బెంగకన్నా పోలీసు భయం పెద్దది.

ఇక అమెరికా లెక్క. ఏడాదికి 90,000 డాలర్ల జీతం. డాలరుకు 88 వేస్తే 79 లక్షల పైచిలుకు. పెళ్ళి సంబంధాల్లో చెప్పేది ఈ అంకే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేకపోయినా ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, ఆరోగ్య బీమా పోను ఒంటరి మనిషి చేతికి నెలకు 5,800 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. ఇంటి బాడుగ 1,500, కారు కంతు, ఇన్సూరెన్సు, పెట్రోలు కలిపి 800, తిండి, ఫోను, కరెంటు 700. లోను 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అయితే ఈఎంఐ 55,100 రూపాయలు, అంటే సుమారు 630 డాలర్లు. మిగిలేది 2,170. తక్కువేమీ కాదు, మంచి మిగులే. కానీ అది 79 లక్షల మనిషి మిగులు మాత్రం కాదు. ఇందులో చాలామంది మర్చిపోయేది చదువుకునే రోజుల వడ్డీ. 40 లక్షలూ మొదట్లోనే తీసుకుని రెండున్నరేళ్ళు ఏమీ కట్టకపోతే మామూలు వడ్డీయే 11 లక్షలవుతుంది. అది పేరుకోకుండా ఆ కాలంలో నెలనెలా వడ్డీ కట్టేది ఇంటి దగ్గరున్న నాయనే. పిల్లవాడు పంపేదాకా ఆయన పడే తిప్పలు వీధికి తెలియవు, తెలిసినా ఎవరూ నమ్మరు.

దీనికితోడు ఉద్యోగం పోతే హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకు 60 రోజుల గడువే ఉంటుంది. చదువు ముగించి ఓపీటీలో (చదువయ్యాక పని చేసుకోనిచ్చే అనుమతి) ఉన్న పిల్లలు మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. "పెదనాయన పోతే కూడా రాలేదు చూడు" అని ఆడిపోసుకునే ముందు స్టాంపింగు సంగతి తెలుసుకోవాలి. వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు ఇండియాకు వస్తే మళ్ళీ కాన్సులేట్ అపాయింట్‌మెంటు దొరికాకే వెనక్కి పోగలరు. 2025 డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీలు పెంచి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా వేసినప్పుడు, సెలవుకని వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కున్నారు.

ఈ లెక్కలన్నీ వీధిలో దండోరా వేయాల్సిన పనిలేదు. భార్యకో భర్తకో, ఇంట్లో ఒక పెద్దమనిషికో పూర్తిగా తెలిస్తే చాలు. బయటివాళ్ళు "జీతమెంత నాయనా?" అని అడిగితే మొత్తం జీతం కాకుండా నెలకు మిగిలేది చెప్పండి. అబద్ధమూ కాదు, దిష్టీ తగలదు.

కుళ్ళు వీధిలో పుట్టేదానికన్నా ఇంట్లో పుట్టేదే ప్రమాదం. మొదటి గొడవ డబ్బు ఎవరి ఖాతాకు వస్తుందన్న దగ్గరే. అంతా అమ్మ ఖాతాకు పంపితే భార్య ప్రతి పదికీ చెయ్యి చాపాల. అంతా భార్య ఖాతాకు పంపితే "కోడలి చేతికి తాళాలిచ్చినాడు" అంటారు. దీనికి విరుగుడు బ్యాంకులోనే ఉంది. ఉద్యోగానికి విదేశం పోయినవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ (విదేశంలో ఉన్నవాళ్ళ మామూలు ఖాతా) కింద మార్పించి, సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీ మీద ఇక్కడ ఆదాయపన్ను లేదు. డబ్బంతా మీ ఎన్ఆర్ఈ ఖాతాకే పంపుకుని, అక్కడినుంచి ప్రతినెలా 5వ తేదీన అమ్మకింత, భార్యకింత, లోనుకింత అని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (బ్యాంకే దానంతటదే పంపే ఏర్పాటు) పెట్టండి. తేదీ, మొత్తం మారకుండా ఉంటే అడిగేదీ లేదు, అలిగేదీ లేదు. పండగలకు ఎక్కువ పంపాలంటే ఇద్దరికీ అదే రోజు పంపాలి.

రెండో గొడవ భూమి. విదేశంలో ఉద్యోగం చేస్తున్న భారతీయుడు ఇల్లు, ఇంటిస్థలం కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఈ నిబంధన చూసి మనవాళ్ళు చేసే పని, దామలచెరువు దగ్గరో బంగారుపాళ్యం దగ్గరో మామిడితోట తమ్ముడి పేరుమీద కొనడం. పదేళ్ళకు తమ్ముడికి పెళ్ళయి పిల్లలు పుట్టి, తోట ఎవరిదన్న మాట వచ్చినప్పుడు చేతిలో ఏ కాగితమూ ఉండదు. పైగా డబ్బు ఒకరిది, పేరు తమ్ముడొక్కడిదే అయితే అది బినామీ చట్టం కిందికి వస్తుంది. అన్నదమ్ముల విషయంలో ఆ చట్టం ఇచ్చే మినహాయింపు కాగితంలో ఇద్దరి పేర్లూ ఉంటేనే. మీరు ఎన్ఆర్ఐగా ఉండి ఆ పేరు పెట్టించుకోలేరు. కాబట్టి తోట ఆశ ఊరికి తిరిగొచ్చేదాకా ఆపుకోవడం మేలు. ఇంటిస్థలమైతే మీ పేరునే తీసుకోండి. రిజిస్ట్రేషన్‌కు రాలేకపోతే ఆ ఒక్క సర్వే నంబరుకు, ఆ ఒక్క పనికి మాత్రమే స్పెషల్ పవరాఫ్ అటార్నీ రాసి, భారత రాయబార కార్యాలయంలో సంతకం ధ్రువీకరించుకుని పంపండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి. గడువు దాటిన కాగితంతో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి తిరిగొచ్చేవాళ్ళు తక్కువేం లేరు. జనరల్ పవర్ మాత్రం ఎంత దగ్గరివాళ్ళకైనా ఇవ్వొద్దు. నమ్మకం లేక అని కాదు, అడిగిన ప్రతివాడికీ కాదనలేక నలిగిపోయేది ఆ పవర్ పట్టుకున్న మనిషే.

ఇక బెంగ. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇంటిపని ముగిసేసరికి రాత్రి పదైతే ఇక్కడ పన్నెండున్నర. బిడ్డలు నిద్రపోయి ఉంటారు. నిద్రలేపి మాట్లాడించడం, వాళ్ళు విసుక్కోవడం, అక్కడున్న తల్లి తెల్లారిందాకా ఏడవడం, ఈ వరస చాలా ఇళ్ళల్లో ఉంది. అక్కడ పొద్దున ఐదైతే ఇక్కడ ఏడున్నర. బిడ్డలు బడికి తయారయ్యే టైము. ఫోను అరుగు మీద నిలబెట్టి జడ వేసేది, క్యారియరు కట్టేది పది నిమిషాలు చూపిస్తే అర్ధరాత్రి గంట కన్నా ఎక్కువ. మాట్లాడి తీరాలని కూడా లేదు. కుదరని రోజుల్లో వాయిస్ మెసేజీ చాలు. కువైట్‌లో వారం సెలవు శుక్రవారం, మన బిడ్డలకు ఆదివారం, ఈ తేడా ముందే మనసులో పెట్టుకోవాలి. దుబాయ్ వైపు వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజీలు పోతాయి. కాల్స్‌కు బోటిమ్ లాంటి యాప్ వేసుకోవాలి. ఇది తెలీక మొదటి వారం "ఫోన్ కూడా చెయ్యలేదు" అని అలిగే తల్లులున్నారు.

డాలస్ వాళ్ళకు చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. అక్కడ పొద్దున 8 అంటే ఇక్కడ చలికాలంలో రాత్రి 7:30, ఎండాకాలంలో సాయంత్రం 6:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. ఆ రెండు వారాల్లో అమ్మ ఫోను పట్టుకుని గంటసేపు కాచుకోవడమో, సీరియల్ మధ్యలో ఫోను మోగి విసుక్కోవడమో ఖాయం. క్యాలెండరులో ఆ తేదీల దగ్గర పెన్నుతో గీసిపెట్టండి.

కొత్తగా పోయినవాళ్ళు నిద్రకు ముందు ఇంటికి ఫోన్ చేయకపోవడం మంచిది. పెట్టేసిన తర్వాత వచ్చే నిశ్శబ్దం నిద్ర చెడగొడుతుంది, నిద్ర చెడితే మర్నాడు బెంగ రెండింతలు. అదే పొద్దున చేస్తే వెంటనే పనిలో పడిపోతారు.

వాట్సాప్ స్టేటస్ కథ వేరు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మొదలైతే తిరుపతి వాళ్ళ స్టేటస్ అంతా బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం. జూన్ వస్తే మామిడికాయల గంపలు. అదే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని కువైట్‌లో నిబంధన పెట్టారంటే అక్కడి ఎండ ఏపాటిదో తెలుస్తుంది. తిరుపతి స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైనప్పుడు, ఇక్కడ కొండను రోజూ చూస్తూ కూడా పోని మనుషుల మీద అక్కడివాళ్ళకు వచ్చిన కుళ్ళు మామూలుది కాదు. అటునుంచి వచ్చేవి ఏవి? మంచులో ఫోటో, కొత్త కారు ముందు ఫోటో. మంచు పారతో తోసి కారు బయటికి తీసిన గంట ఫోటోలో పడదు. ఎవరి స్టేటస్ చూస్తే మనసు పాడవుతుందో వాళ్ళది మ్యూట్‌లో పెట్టండి. వాళ్ళకు తెలియదు కూడా.

అన్నింటికన్నా లోతుగా దిగే కుళ్ళు అమ్మానాయనలను చూసుకునే తోబుట్టువుది. చిత్తూరు నుంచి అమ్మను వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకుపోవాలంటే తమ్ముడికి ఒక రోజు కూలో, సెలవో పోతుంది. ఓపీ దగ్గర వరసలో నిలబడేది తను, రాత్రి ఫోన్ చేసి "ఆ టెస్టు ఎందుకు చేయించలేదు?" అని అడిగేది అన్న. ఫోన్లోంచి పెత్తనం అంటే ఇదే. దీనికి పనికొచ్చే ఏర్పాటు, ఆసుపత్రి ఖర్చుకు విడిగా ఒక ఖాతా, అందులో ఎప్పుడూ మూడు నెలలకు సరిపడా డబ్బు, తమ్ముడి చేతిలో డెబిట్ కార్డు. కారు బాడుగ, హోటల్ తిండి, పోయిన రోజు కూలి కూడా అందులోంచే. "కూలి ఇస్తావా నాకు?" అని తమ్ముడు నొచ్చుకోవచ్చు. ఆ మాట ఎత్తకుండా ఏడాదికొకసారి వాళ్ళ పిల్లల ఫీజు కట్టేసేవాళ్ళు తెలివైనవాళ్ళు. మందుల చీటీ, రిపోర్టులు ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాలి. మాత్ర మారిన రోజే కొత్త ఫోటో పెట్టాలి. సగం గొడవలు పాత చీటీ చూసి మాట్లాడడం వల్లే.

సెలవుకొచ్చేటప్పుడు పెట్టె సర్దడం కూడా ఒక విద్యే. నీడో పాలపొడి, టాంగ్, కోడాలి తైలం (యాక్స్ ఆయిల్), అత్తరు, దుప్పటి, ఏవి తెచ్చినా ఒకే వరస బంధువులకు ఒకే రకం. తోడికోడళ్ళకు రెండు రంగుల్లో కూడా తేవొద్దు, రంగు మీద నెల రోజులు నడుస్తుంది. ముందే ఇళ్ళ జాబితా రాసుకుని, రెండు మూడు అదనంగా పెట్టుకోండి. మర్చిపోయిన మేనత్త తప్పకుండా గుర్తొస్తుంది. బిస్కెట్టు బంగారం నగ కింద లెక్కకు రాదు, దానికి కస్టమ్స్ మినహాయింపు లేదు. అన్నింటికన్నా ముఖ్యం, బహుమతులకని మళ్ళీ అప్పు చేయొద్దు. రెండో ట్రిప్పు కూడా అప్పుతోనే మొదలవడానికి పెద్ద కారణం ఈ పెట్టే.

తిరిగి పోయేటప్పుడు అమ్మ సర్దే పెట్టెలో మూడు చోట్ల చిక్కొస్తుంది. గసగసాలు గల్ఫ్ దేశాల్లో మత్తుపదార్థం కింద లెక్క, మసాలా పొడిలో కలిపినా పెట్టొద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు కూడా అంతే. ఎండుకొబ్బరి చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు, నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అమెరికాకు పచ్చి కరివేపాకు తీసుకుపోకూడదు, నిమ్మజాతి చెట్ల తెగులు దాంతో వస్తుందని నిషేధం. ఊరగాయ సీసాను ముక్కాలు భాగమే నింపి, మూతికి ప్లాస్టిక్ కాగితం బిగించి, మూతపెట్టి టేపు చుట్టి, రెండు కవర్లలో విడివిడిగా కట్టి, బట్టల మధ్యలో నిలువుగా పెట్టాలి. నిండా నింపితే పైన ఒత్తిడి తగ్గి నూనె మూత దగ్గర తన్నుకొస్తుంది. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) తడిది, రెండు రోజులకే పులుస్తుంది. దాని బదులు చెనిక్కాయల పొడి కొట్టించుకోండి.

సంగటికి మాత్రం ఏ పెట్టే అక్కర్లేదు, రాగిపిండి అన్ని చోట్లా దొరుకుతుంది. ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. నీళ్ళు ఇంకా కొంచెం తేలుతుండగానే గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. అప్పుడే కలపకూడదు, కలిపితే ఉండలు కడుతుంది. మూతపెట్టి సన్నటి మంట మీద పది నిమిషాలు ఉంచి, దించి, చెక్క తెడ్డుతో గట్టిగా గెలకాలి. అమెరికా అపార్ట్‌మెంట్లలో పప్పుకు మిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, పొగ లాగే ఫ్యాను వేసి, సన్నటి సెగ మీదే కానివ్వండి. లేకపోతే పొగ అలారం మోగి బిల్డింగంతా కిందికి దిగుతుంది.

సెలవు ముగించి రెండోసారి పోవడం మొదటిసారికన్నా కష్టం. మొదటిసారి ఏమీ తెలియదు, రెండోసారి అన్నీ తెలుసు. పోయిన మొదటి వారంలో ఉద్యోగం మానేయడం, అప్పు తీసుకోవడం లాంటి నిర్ణయాలు చేయొద్దు. తిండి, నిద్ర, దేనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి నడుస్తుంటే అది ఊరి బెంగ కాదు, డాక్టరుకు చూపించాల్సిన సంగతి. అమెరికాలో మనసు బాగాలేనప్పటి హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడ ఇంట్లో మిగిలినవాళ్ళకు అలాంటిదే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇంటిపనికి పోయిన ఆడవాళ్ళ విషయంలో ఇంకొక్క జాగ్రత్త. కువైట్‌లో ఇంటి పనివాళ్ళ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవు ఇవ్వాలి. ఫోను లాక్కున్నా, జీతం ఆపినా ఇంటివాళ్ళు మదద్ పోర్టల్‌లో (భారత విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు) ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి వివరాలు కావాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా కాగితం, బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు, కఫీల్ పేరు, ఫోను నంబరు, ఇల్లున్న ఏరియా, ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదు. ఇవన్నీ ఆమె ఫోన్లో మాత్రమే ఉంటే ఫోను పోయిన రోజే అన్నీ పోతాయి. విమానం ఎక్కేముందే ఒక జత జిరాక్సు ఇంట్లో, ఇంకో జత పుట్టింట్లో పెట్టించండి. బతాకా చేతికి రాగానే దాని ఫోటో కూడా ఇంటికి పంపమని చెప్పి పంపండి.